చెడ్డ కబురు మీ దాకా ఎంత తొందరగా వస్తోంది?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెవలపర్‌గా చేరారు. కోడింగ్‌లో టీమ్ మొత్తంలో మీదే పైచేయి కాబట్టి ఈ ఏడాది మిమ్మల్నే లీడ్‌ని చేశారు. మీ కింద తొమ్మిది మంది. మీటింగ్‌లో మీరు ఏం చెప్పినా అందరూ సరే అంటారు, ఎవరూ ఎదురు మాట్లాడరు. కానీ రిలీజ్‌లు ఆలస్యమవుతున్నాయి, ఆఖరి రోజు దాకా ఏ సమస్యా మీకు తెలియడం లేదు, ఈమధ్యే ఇద్దరు రిజైన్ చేశారు. జీతాలు పెంచే అధికారం మీ చేతిలో లేదు, అలాంటప్పుడు మీ మాట ఎందుకు వింటారన్నది మీ అనుమానం. సంస్థల్లో మంచి నాయకత్వం అంటే ఏమిటి, అది పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా, లేక మళ్లీ మామూలు డెవలపర్‌గా వెళ్లిపోవడమే మంచిదా అని అడిగారు.

నేను మొదట చెన్నైలో, అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, వాహనాల విడిభాగాలు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో పని చేశాను. తర్వాత బెంగళూరు వచ్చి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాను. చిన్న టీమ్‌లనూ నడిపాను, పెద్ద విభాగాలనూ నడిపాను. ఈ రెండు లోకాల్లో చూసినదాన్ని బట్టి, ఒక నాయకుడు సమర్థుడా కాదా అని తెలుసుకోవడానికి నేను ముందు చూసేది ఒక్కటే. ఆ టీమ్‌లో ఏదైనా తేడా వస్తే ఆ సంగతి ఆయన దాకా చిన్నదిగా ఉన్నప్పుడే వస్తుందా, చేయి దాటాక వస్తుందా? మాటకారితనం, దూరదృష్టి, చొరవ అన్నీ అవసరమే. కానీ కింద ఏం జరుగుతోందో తెలియని మనిషికి అవేవీ ఉపయోగపడవు.

మీటింగ్‌లో ఎవరూ మాట్లాడరన్న విషయాన్ని మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. మీ ప్రశ్న మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. తొమ్మిది మంది ఇంజనీర్లు నెలల తరబడి మీ మాటకు ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదంటే వాళ్లకు అభిప్రాయాలు లేక కాదు. ఆ అభిప్రాయాలు టీ తాగే చోట, మీరు లేని వాట్సాప్ గ్రూపులో, చివరికి ఉద్యోగం వదిలేవాళ్లతో హెచ్‌ఆర్ వాళ్లు జరిపే ఎగ్జిట్ ఇంటర్వ్యూలో బయటికొస్తున్నాయి. మీ ముందు మాత్రం రావడం లేదు.

అంబత్తూరు ఫ్యాక్టరీలో ఇద్దరు షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లు ఉండేవారు. ఇద్దరూ పనిలో గట్టివాళ్లే. ఒకాయన షిఫ్ట్‌లో రిజెక్షన్ రిజిస్టర్, అంటే పాడైన పీసుల వివరాలు రాసే పుస్తకం, ఎప్పుడూ దాదాపు ఖాళీగా ఉండేది. రెండో ఆయన షిఫ్ట్‌లో రోజూ ఏవో కొన్ని రాసి ఉండేవి: బోర్ (పీసులో తొలిచిన రంధ్రం) సైజు పెరిగింది, టూల్ అరిగింది, పోతపోసిన కాస్టింగ్‌లో గాలి రంధ్రాలున్నాయి అని. నెలవారీ రివ్యూలో మెప్పంతా మొదటాయనకే. కానీ కస్టమర్ దగ్గర నుంచి వెనక్కి వచ్చిన పెట్టెల మీద బ్యాచ్ నంబర్లు చూస్తే ఎక్కువ ఆయన షిఫ్ట్‌వే ఉండేవి. కారణం ఆపరేటర్లందరికీ తెలుసు. పాడైన పీసు పట్టుకుని ఆయన దగ్గరికి వెళితే "ఎవడ్రా మెషిన్ మీద ఉన్నది?" అని ఫ్లోర్ అంతా వినపడేలా అరిచేవారు. అందుకని అనుమానం ఉన్న పీసుని మంచివాటి మధ్యలో పడేసేవాళ్లు. రెండో ఆయనది నెల్లూరు. ఆయన పీసు చేతిలోకి తీసుకుని, బోర్ గేజ్ పెట్టి తనే కొలిచి, "ఎన్నింటికి మొదలైంది? దీనికి ముందు తీసినవి ఎక్కడున్నాయి?" అని అడిగేవారు. ఆపరేటర్లు పరుగున వెళ్లి ట్రే తెచ్చేవారు. ఒకే ఫ్లోర్, అవే మెషిన్లు, వంతులవారీగా అవే మనుషులు.

ఇది ఒక్క ఫ్యాక్టరీ ముచ్చట కాదని నాకు చాలా తర్వాత తెలిసింది. 1990లలో అమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆసుపత్రుల్లో రోగులకు మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పని చేసే నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. లోతుగా చూస్తే తేలింది ఏమిటంటే, ఆ బృందాల్లో పొరపాటు జరిగితే బయటికి చెబుతున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. నోరు విప్పితే పరువు పోతుందనో, తిట్లు పడతాయనో భయం లేని వాతావరణాన్ని ఆమె 1999 నాటి పరిశోధన పత్రంలో సైకలాజికల్ సేఫ్టీ అన్నారు. గూగుల్ కంపెనీ 2012లో ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అని ఒక అధ్యయనం మొదలుపెట్టి తన సొంత టీమ్‌లు 180 దాకా పరిశీలిస్తే అక్కడా ఇదే పైకి తేలింది. టీమ్‌లో ఎంత తెలివైనవాళ్లు ఉన్నారన్నదాని కంటే వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతున్నారన్నది ఫలితాలను ఎక్కువగా నిర్ణయిస్తోందని వాళ్లు గమనించారు.

అయితే "భయపడకండి, ఏదైనా చెప్పండి" అని మీటింగ్‌లో ప్రకటిస్తే ఈ వాతావరణం రాదు. మొదటి చెడ్డ కబురు వచ్చినప్పుడు మీరు ఏం చేశారన్నది చూసి టీమ్ ఒక నిర్ణయానికి వస్తుంది.

మీకు దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. మైసూరు రోడ్డులో బిడది దగ్గర టయోటా కిర్లోస్కర్ ఫ్యాక్టరీ. 2000లో మనవాళ్లందరికీ తెలిసిన క్వాలిస్‌తో మొదలైంది. ప్రపంచంలో ఎక్కడైనా టయోటా పద్ధతిలో ఆండన్ అనే ఏర్పాటు ఉంటుంది. లైన్ మీద పని చేసే ఎవరికైనా తేడా కనిపిస్తే తాడు లాగుతారు, లేదా బటన్ నొక్కుతారు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి "అక్కడ కార్మికుడు కూడా లైన్ ఆపేయొచ్చట" అని చెప్పుకుంటారు. నిజానికి తాడు లాగగానే లైన్ ఆగదు. దీపం వెలిగి, సంగీతం మోగి, టీమ్ లీడర్ పరుగున ఆ మనిషి దగ్గరికి వస్తాడు. కదులుతున్న బండి ఆ స్టేషన్, అంటే ఆ మనిషి పని చేసే చోటు, చివరికి చేరేలోపు ఇద్దరూ కలిసి సరిచేయగలిగితే మళ్లీ లాగుతారు, లైన్ సాగిపోతుంది. కుదరకపోతేనే ఆగుతుంది. ఆ పద్ధతికి ప్రాణం తాడులో లేదు, లాగిన కొన్ని క్షణాల్లోనే సాయం చేయడానికి ఒక మనిషి రావడంలో ఉంది. అందుకే అక్కడ టీమ్ లీడర్ కింద నలుగురో, ఐదుగురో, ఆరుగురో మాత్రమే ఉంటారు. పాతికమందిని అప్పగిస్తే ఎవరు పిలిచినా అందుకోలేరు కదా. మన కంపెనీల్లో తాడు అందరికీ ఇస్తాం. సమస్యలు నమోదు చేసే జిరా టికెట్ అంటాం, మెసేజ్‌లు పెట్టుకునే స్లాక్ ఛానల్ అంటాం. లాగాక ఎవరూ రారు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఎవరూ లాగరు.

మీ విషయానికి వద్దాం. రాత్రి డిప్లాయ్‌మెంట్, అంటే కొత్త కోడ్‌ను వాడకంలోకి పెట్టడం, తర్వాత పేమెంట్లు ఆగిపోయాయనుకోండి. కుర్రాడు మీకు ఫోన్ చేశాడు. మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఎవరు అప్రూవ్ చేశారు?" అయితే, వచ్చే నెల ఇలాంటిదే జరిగినప్పుడు అతను ముందు ఒక గంట తనంతట తాను కుస్తీ పట్టి, కుదరకపోతే అప్పుడు ఫోన్ చేస్తాడు. ఆ గంట కస్టమర్‌ది. "ఇప్పుడు ఎవరికి ఏం ఆగిపోయింది? వెనక్కి తీసేయడానికి ఎంతసేపు పడుతుంది? నీతో ఇంకెవరు ఉన్నారు?" అని అడిగితే మాట పని మీదే ఉంటుంది. మర్నాడు కూర్చుని కారణం వెతకాలి, తప్పకుండా వెతకాలి. అప్పుడు కూడా "ఆ మార్పు మన టెస్టింగ్ దాటి ఎలా వెళ్లగలిగింది?" అని మొదలుపెడితే జవాబులు వస్తాయి. ముందుగా చెప్పినందుకు అతనికి అందరి ముందు థాంక్స్ చెప్పండి. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు, మిగతా ఎనిమిది మందీ వింటారు.

ఇలా చెప్పినప్పుడల్లా "మరీ మెత్తగా ఉంటే నెత్తికెక్కరా?" అని నన్ను అడుగుతారు. ఎక్కుతారు, నాణ్యత విషయంలో కూడా మెత్తగా ఉంటే. నేను మెత్తగా ఉండమంటున్నది కబురు తెచ్చిన మనిషితో. పని ప్రమాణం విషయంలో గట్టిగానే ఉండాలి. తెలియక చేసిన తప్పు, ప్రయోగంలో జరిగిన తప్పు, చెప్పినా పట్టించుకోకుండా మళ్లీ మళ్లీ చేసే తప్పు, ఇవన్నీ ఒకటి కావు. మూడో రకానికి నలుగురిలో కాకుండా విడిగా పిలిచి, స్పష్టంగా, ఏ తేదీలోపు ఏం మారాలో చెప్పాలి. మారకపోతే చర్య తీసుకోవాలి. ఇక దాచడం అన్నది వేరే. తప్పు చేసినవాడిని నేను చాలాసార్లు వెనకేసుకొచ్చాను. తెలిసీ దాచినవాడిని మాత్రం ఎప్పుడూ వెనకేసుకురాలేదు, ఆ సంగతి టీమ్‌కు మొదటి రోజే చెప్పేవాడిని. ఈ గీత ఎక్కడుందో తెలిస్తే జనం భయం లేకుండా పని చేస్తారు. ఏ రోజు ఏ మూడ్‌లో ఉంటారో తెలియని లీడ్ దగ్గరే టెన్షన్ పడతారు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మీ టీమ్ నోరు మూసుకోవడానికి మీ ప్రతిభ కూడా ఒక కారణం అయ్యుండొచ్చు. అందరికంటే బాగా కోడ్ రాసే మనిషి లీడ్ అయితే మూడు పనులు తెలియకుండానే చేస్తాడు. ఎవరైనా డిజైన్ వివరిస్తుంటే సగంలోనే సరైన జవాబు చెప్పేస్తాడు. కోడ్ రివ్యూలో తను రాసినట్టే ఉండాలని పట్టుబడతాడు. గడువు దగ్గర పడితే రాత్రి కూర్చుని జూనియర్ పనిని తనే పూర్తి చేసేస్తాడు. మూడూ మంచి ఉద్దేశంతో చేసేవే. కానీ పొద్దున్నే లేచి తన కోడంతా మారిపోయి ఉండటం చూసిన కుర్రాడు ఏమనుకుంటాడు? ఎలాగూ ఆయన మారుస్తారు కదా, నేను తల బద్దలు కొట్టుకోవడం ఎందుకు అనుకుంటాడు. ఆరు నెలల్లో మీకు తొమ్మిది మంది ఇంజనీర్ల బదులు మీ జవాబు కోసం ఎదురుచూసే తొమ్మిది మంది మిగులుతారు. ఆలస్యాలన్నీ మీ దగ్గరే పోగుపడతాయి. మీ రిలీజ్‌లు ఎందుకు ఆలస్యమవుతున్నాయో వెతికేటప్పుడు మీ అప్రూవల్ కోసం ఎన్ని పనులు ఎన్ని రోజులు ఆగాయో కూడా లెక్క తీయండి.

గూగుల్‌లోనే 2008 ప్రాంతంలో ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో మంచి మేనేజర్లు ఏం చేస్తారని వెతికారు. వాళ్లు గుర్తించిన ఎనిమిది లక్షణాల్లో సాంకేతిక నైపుణ్యం ఆఖరిది. మొదటిది టీమ్ మనుషులకు మంచి కోచ్‌గా ఉండటం, రెండోది వాళ్ల పనిలో అతిగా వేలు పెట్టకపోవడం. ఆఖరిదంటే అక్కర్లేదని కాదు, ఎనిమిదిలో అదీ ఉంది. పని తెలియని లీడ్‌ను ఇంజనీర్లు ఇట్టే పసిగడతారు. మిమ్మల్ని లీడ్‌ను చేసిన అర్హత, లీడ్‌గా నిలబెట్టే అర్హత వేరు వేరని మాత్రం అది చెబుతోంది.

కాబట్టి వచ్చే డిజైన్ మీటింగ్‌లో ఆఖరున మాట్లాడండి. అందరికంటే కొత్తగా చేరిన అమ్మాయో అబ్బాయో ముందు చెప్పాలి, తర్వాత అనుభవం ఉన్నవాళ్లు, ఆ తర్వాత మీరు. మీకు నచ్చని మార్గమైనా పని జరుగుతుందనుకుంటే, నష్టం వెనక్కి తీసుకోగలిగేదైతే, దాన్నే కానివ్వండి. అందరూ వెంటనే ఒప్పేసుకుంటే నిర్ణయం ఆ రోజు తీసుకోకండి. "ఇది ఆరు నెలల తర్వాత ఫెయిల్ అయిందనుకుందాం, ఎందుకు ఫెయిల్ అయి ఉంటుంది? రేపటికి ఒక్కొక్కరు ఒక్కో కారణం రాసి తెండి" అని చెప్పండి. అభ్యంతరం చెప్పమంటే మన పిల్లలు మొహమాటపడతారు. కారణం రాయమంటే పని అనుకుని రాస్తారు.

అలాగని అన్నీ అందరూ కలిసే తేల్చాలని కూర్చుంటే అది ఇంకో రోగం. అందరి మాట విన్నాక ఎవరు నిర్ణయిస్తారో ముందే తెలియాలి. నిర్ణయం తీసుకున్నాక కారణం చెప్పాలి, ముఖ్యంగా ఎవరి సలహా పక్కన పెట్టారో వాళ్లకు. తన మాట నెగ్గకపోయినా విన్నారని తెలిస్తే మళ్లీ చెబుతారు.

వారానికోసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చునే అలవాటు మీకు ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. దాన్ని రద్దు చేయకండి, వాయిదా వేయాల్సి వస్తే మీరే కొత్త టైం చెప్పండి. అక్కడ టికెట్ల స్టేటస్ అడగవద్దు, అది స్టాండప్‌లో, అంటే రోజూ జరిగే చిన్న మీటింగ్‌లో, వస్తుంది. "అంతా ఓకేనా?" అంటే "ఓకే" అనే వస్తుంది, కాబట్టి ప్రశ్న మార్చాలి. ఈ వారం ఏ పనిలో టైం వృథా అయింది? నేను చేసే ఏ పని మీకు అడ్డంగా ఉంది? మీకు చేయాలని ఉన్నా దొరకని పని ఏది? మొదటి రెండు మూడు సార్లు మొహమాటమే వస్తుంది. నాలుగోసారి ఎవరో ఒకరు చిన్న విషయం చెబుతారు. సీటు మార్చమనో, ఫలానా కాల్ రాత్రి తొమ్మిదికి వద్దనో. దాన్ని రెండు రోజుల్లో చేసి పెట్టండి. పెద్ద విషయాలు ఆ తర్వాత వస్తాయి.

రిజైన్ చేసిన ఇద్దరూ ఇంకా నోటీస్ పీరియడ్‌లో ఉంటారు, మన కంపెనీల్లో అది చాలాచోట్ల తొంభై రోజులు కదా. వాళ్లను ఆపడానికి కాకుండా, నేర్చుకోవడానికి కూర్చోండి. ఆఫీసులో వద్దు, బయట ఎక్కడైనా కాఫీకి. "వెళ్లాలని మొదటిసారి అనిపించిన రోజు ఏం జరిగింది?" అని అడిగి, సమర్థించుకోకుండా వినండి. జీతం కోసమే అని వాళ్లు ముందు చెప్పే కారణం నిజమే కావచ్చు, కానీ వేరే చోట వెతకడం మొదలుపెట్టిన రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు సంగతే మీకు కావాలి.

ఇక మీరు రాయని విషయం ఒకటి. బెంగళూరులో లీడ్‌గా ఉన్న తెలుగువాళ్లకు ఇది వర్తిస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లో ఏ టీమ్‌లో చూసినా మనవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఊరు కాని ఊళ్లో తెలుగు వినబడితే ప్రాణం లేచొస్తుంది, అందులో తప్పు లేదు. కానీ మీరు లీడ్ అయ్యాక రోజూ మధ్యాహ్నం ఆ ముగ్గురితోనే ఆంధ్రా మెస్‌కు వెళ్లి, మీటింగ్ మధ్యలో వాళ్లతో తెలుగులో రెండు మాటలు మాట్లాడి నవ్వితే, మంగళూరు అమ్మాయికీ, కాన్పూర్ అబ్బాయికీ అర్థమయ్యేది ఒక్కటే: లోపలి గుంపు ఒకటి ఉంది, మేము అందులో లేము. తర్వాత అప్రైజల్‌లో తెలుగు అబ్బాయికి నిజంగానే అర్హతతో మంచి రేటింగ్ ఇచ్చినా ఎవరూ నమ్మరు. ఆ అబ్బాయికీ అది అన్యాయమే. ఇంకో పక్క, పక్షపాతం అనుకుంటారేమోనన్న భయంతో మనవాళ్లకే కావాలని తక్కువ ఇచ్చే లీడ్‌లను కూడా చూశాను. అది కూడా పక్షపాతమే. ఒకే జిల్లా, ఒకే కాలేజీ, ఒకే కులం అని దగ్గరకు తీయడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. అవి ఎవరికీ తెలియవనుకుంటాం, కానీ టీమ్‌కు ముందు తెలిసేవి అవే.

దీనికి విరుగుడు మాటల్లో లేదు, కంటికి కనిపించే పద్ధతుల్లో ఉంది. పది మంది ఉన్న చోట పది మందికీ అర్థమయ్యే భాషే. లంచ్‌కు రోజుకొకరితో. మంచి పని, అంటే పేరు తెచ్చే పని, ఎవరికి ఎప్పుడు ఇచ్చారో ఒక షీట్‌లో రాసుకోండి. మూడు నెలల తర్వాత చూస్తే మీకే తెలుస్తుంది. సెలవుల విషయం మరీ ముఖ్యం. సంక్రాంతికి మనవాళ్లందరూ భోగి నుంచి కనుమ దాకా ఊళ్లో ఉండాలంటారు, విజయవాడ, రాజమండ్రి బస్సులకూ రైళ్లకూ టికెట్లు నెలల ముందే అయిపోతాయి. లీడ్ కూడా తెలుగే అయితే ఆ వారం ఆన్‌కాల్, అంటే ఏ వేళలో సమస్య వచ్చినా అందుకునే డ్యూటీ, మొత్తం మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. ఆ మిగతావాళ్లు వరమహాలక్ష్మి వ్రతానికో, దుర్గాపూజకో, ఓణానికో సెలవు అడిగినప్పుడు మీరు "రిలీజ్ ఉంది కదా" అంటే ఇక ఆ టీమ్ మీ మాట వినదు, పైకి తల ఊపుతుంది అంతే. ఏడాది మొదట్లోనే క్యాలెండర్ ముందు పెట్టుకుని ఎవరికి ఏ పండుగ ముఖ్యమో రాయించండి, ఆన్‌కాల్ దాన్ని బట్టి వేయండి. ఒక ఏడాది సంక్రాంతికి మీరే ఉండిపోయి మిగతావాళ్లను పంపండి.

మీరు ఊరెళ్లిన వారంలో ఏం జరుగుతుందన్నది కూడా గమనించాల్సిందే. 1930ల చివర్లో అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్, ఆయన సహచరులు పదేళ్ల వయసు పిల్లలను చిన్న క్లబ్బులుగా చేసి, ఒక్కో క్లబ్బుకు ఒక్కో తరహా నాయకుణ్ణి పెట్టి చూశారు. అన్నీ తనే ఆదేశించే నాయకుడి దగ్గర, ఆయన గదిలో ఉన్నంతసేపూ పని బాగానే సాగింది. బయటికి వెళ్లగానే పడిపోయింది. పిల్లలతో చర్చించి నిర్ణయాలు చేసిన నాయకుడు బయటికి వెళ్లినా పని పెద్దగా తగ్గలేదు. పట్టించుకోకుండా వదిలేసిన నాయకుడి దగ్గర మొదటి నుంచీ పని అంతంతమాత్రమే. మీరు సెలవులో ఉన్న నాలుగు రోజుల్లో మీ ఫోన్ ఎన్నిసార్లు మోగిందో, ఎందుకు మోగిందో రాసుకోండి. నిజంగా మీరే తేల్చాల్సిన విషయాలకు మోగితే పర్వాలేదు. ప్రతి చిన్నదానికీ మోగిందంటే ఏ నిర్ణయం ఎవరిదో మీరు వాళ్లకు అప్పగించలేదన్నమాట.

జీతం పెంచే అధికారం లేనప్పుడు నా మాట ఎందుకు వింటారని అడిగారు. చెన్నై పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ఉంది, 1955 నుంచి రైలు పెట్టెలు తయారు చేస్తోంది. ప్రభుత్వ సంస్థ. జీతాలు స్కేళ్ల ప్రకారమే, జనరల్ మేనేజర్ తలచుకున్నా ఎవరికీ బోనస్ పెంచలేరు, నచ్చని మనిషిని రేపటి నుంచి రావద్దనలేరు. అలాంటి చోట సుధాంశు మణి జనరల్ మేనేజర్‌గా ఉన్నప్పుడు, విడిగా ఇంజన్ అక్కర్లేని పదహారు పెట్టెల సెమీ హైస్పీడ్ రైలును దాదాపు పద్దెనిమిది నెలల్లో తయారు చేసి 2018లో బయటికి తెచ్చారు. ట్రెయిన్ 18 అని పేరు పెట్టారు. పరీక్షల్లో గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకుంది. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ, వారణాసి మధ్య వందే భారత్‌గా పరుగు మొదలుపెట్టింది. అక్కడున్నది అదే ఫ్యాక్టరీ, అదే ఉద్యోగులు. ఏ ఏడాదికి రైలు పట్టాలెక్కాలో దాని పేరులోనే ఉంది, ఇక గమ్యం గురించి ఎవరికీ సందేహం లేదు. మంచి ఇంజనీర్లు చాలామంది హైక్ కోసం ఎంత వెతుకుతారో, తను చేసింది ఫలానా అని చెప్పుకోదగ్గ పని కోసం కూడా అంతే వెతుకుతారు. ఏ పని ఎందుకు చేస్తున్నామో, అది ఎవరికి ఉపయోగపడుతుందో చెప్పడం మీ చేతిలో ఉంది. వాళ్ల పేరు పైవాళ్ల ముందు పలకడం మీ చేతిలో ఉంది. హైక్ మీ చేతిలో లేకపోయినా దాని కోసం మీ మేనేజర్‌తో ఆధారాలు పెట్టి వాదించడం కూడా మీ పనే.

పైవాళ్ల ముందు టీమ్‌కు అండగా నిలబడటం గురించి కూడా చెప్పాలి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేఖరుల ముందుకు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం విజయవంతమైనప్పుడు విలేఖరులతో మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. ఈ కథ అందరికీ తెలిసిందే. నాకు దీనిలో ముఖ్యంగా అనిపించేది ఆ రెండు తేదీల మధ్య జరిగింది. లోపల వైఫల్యాన్ని విప్పదీసి పరిశీలించారు, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపాన్ని పట్టుకున్నారు, రెండో ప్రయోగాన్నీ అదే ప్రాజెక్ట్ డైరెక్టర్‌కు అప్పగించారు. బయట కాపాడటం, లోపల గట్టిగా పరీక్షించడం, మళ్లీ నమ్మడం. ఈ మూడూ కలిసి ఉండాలి. మొదటిది మాత్రమే చేస్తే టీమ్‌కు మీరు మంచివారు అవుతారు, పని మెరుగుపడదు. రెండోది మాత్రమే చేస్తే పని కొన్నాళ్లు మెరుగుపడి, మనుషులు వెళ్లిపోతారు. మీ డైరెక్టర్ రివ్యూలో "ఆలస్యం ఎవరి వల్ల?" అని అడిగినప్పుడు మీ నోటి నుంచి పేరు రాకూడదు. అంచనా మీది, అప్పగింత మీది, కాబట్టి జవాబుదారీ మీరే. పేరు చెప్పిన రోజు సాయంత్రానికల్లా ఆ సంగతి టీమ్‌కు చేరిపోతుంది.

పుట్టుకతో రావాలా అన్న ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబే ఉంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో నమోదైన కవలల మీద 2006లో వచ్చిన ఒక పరిశోధన, నాయకత్వ పదవుల్లోకి వెళ్లే విషయంలో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో సుమారు 30 శాతం వారసత్వం వల్ల అని తేల్చింది. మిగతా అధిక భాగం ఎవరికి వారికి ఎదురైన పరిస్థితులు, అనుభవాల వల్ల. పైగా ఆ లెక్క పదవిలోకి ఎవరు వెళతారన్నదానికి, పదవిలో ఎవరు బాగా పని చేస్తారన్నదానికి కాదు. నేను చూసిన మంచి లీడ్‌లలో చాలామంది గలగలా మాట్లాడేవాళ్లు కాదు. అరవకుండా ఉండటం, ఆఖరున మాట్లాడటం, చెప్పిన రోజుకు చెప్పిన పని చేయడం, సెలవుల క్యాలెండర్ న్యాయంగా వేయడం, వీటిలో దేనికీ పుట్టుకతో వచ్చే గుణం అక్కర్లేదు. రోజూ ఓపిగ్గా చేయాలి, అదే కష్టం.

ఆఖరి ప్రశ్న, తిరిగి డెవలపర్‌గా వెళ్లడం. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇప్పుడు బెంగళూరులో చాలా కంపెనీల్లో మేనేజర్ దారితో పాటు ప్రిన్సిపల్ ఇంజనీర్, ఆర్కిటెక్ట్ లాంటి సాంకేతిక దారి కూడా ఉంది, జీతంలో వెనకబడాల్సిన పని లేదు. కానీ ఇప్పటికిప్పుడు, ఇద్దరు వెళ్లిపోతున్న సమయంలో నిర్ణయించుకోవద్దు. ఇంకో రెండు క్వార్టర్లు ఇవ్వండి. ఆ తర్వాత మిమ్మల్ని మీరు అడగాల్సింది "నేను బాగా చేస్తున్నానా?" అని కాదు, దానికి ఇంకా టైం పడుతుంది. ఒక జూనియర్ తనంతట తాను కష్టమైన బగ్ పట్టుకున్న రోజు, మీరే పట్టుకున్నంత సంతోషం కలిగిందా అని అడగండి. కలిగితే ఈ పని మీకు సరిపడుతుంది. ఆ రోజు కూడా మనసంతా కోడ్ మీదే ఉంటే మీ మేనేజర్‌తో సూటిగా మాట్లాడండి, అప్రైజల్ సీజన్ మొదలుకాకముందే. అప్పుడైతే హెడ్‌కౌంట్ ప్లాన్‌లో మీకు సాంకేతిక పోస్టు ఒకటి చూడటానికి ఆయనకు వీలుంటుంది, టీమ్‌కు కొత్త లీడ్‌ను తయారు చేసుకోవడానికి మీకూ టైం దొరుకుతుంది.